సొవావే వైను చెప్పు పాఠము: ఊరి పేరే పంటకు విలువ

పంట విరివిగా పండిన ఏటనే రైతు చేతికి డబ్బు తక్కువగా వచ్చుట మీ అందరకు అనుభవమే. సరుకు ఎక్కువగుటతో బజారులో ధర పడిపోవును. వ్యాపారి ఒక ఊరి సరుకును మరియొక ఊరి సరుకుతో కలిపివేయును. కష్టపడి మేలైన పంట తీసినవానికిని, ఎట్లో ఒకట్లు బస్తాలు నింపినవానికిని ఒకే ధర కట్టబడును. దీనికి తప్పుకొను మార్గములలో ఒకటి, తమ ప్రాంతపు పంటకు ఒక పేరు సంపాదించుట. కొనువాడు ఆ పేరు చూచి నమ్మును. ఆ నమ్మకమునకు నాలుగు డబ్బులు ఎక్కువ ఇచ్చును.

అయితే ఈ పేరు ఏ ఒక్క రైతు సొత్తును కాదు. ఊరిచెరువు వలె అది అందరి ఉమ్మడి ఆస్తి. ఒకరు గండి కొట్టినచో అందరి పొలములు ఎండును. ఇటలీ దేశములో సొవావే అను తెల్ల ద్రాక్షవైను పండించు రైతులు ఇట్టి పేరును సంపాదించిరి, పోగొట్టుకొనిరి, మరల కష్టపడి నిలబెట్టుకొనుచున్నారు. వారి తోటలు, వారి పద్ధతులు, వారి కష్టనష్టములు తెలిసికొనుట ఏ పంట పండించు రైతుకైనను ఉపయోగకరము.

ద్రాక్షరసమును పులియబెట్టగా వచ్చు మద్యమునకు వైను అని పేరు. ఇది సారాయి వలె బట్టీలో కాచి దించినది కాదు. మద్యపానము ఆరోగ్యమునకు హాని చేయును. దానిని ప్రోత్సహించుట ఈ పాఠపు ఉద్దేశము కాదు. పంటను గురించి, పేరును గురించి చెప్పుటయే ఇచ్చటి పని.

ప్రాంతము ఎట్లుండును?

ఇటలీ దేశపు ఉత్తరభాగమున వెనెతో అను రాష్ట్రము కలదు. సముద్రముపై కట్టిన వెనిస్ నగరము ఆ రాష్ట్రములోనిదే. వెనిస్‌కు పడమరగా వెరోనా నగరము, వెరోనాకు తూర్పున ఇరువది కిలోమీటర్లకు పైగా దూరములో సొవావే అను చిన్న పట్టణము ఉన్నవి. సొవావే చుట్టును మధ్యయుగములనాటి కోటగోడ, కొండపై కోట నేటికిని నిలిచియున్నవి. కోటగోడ దాటిన వెంటనే ద్రాక్షతోటలు మొదలగును. ప్రక్కనే మోంతెఫోర్తె దల్పోనె అను మరియొక ఊరు కలదు. ఈ రెండు ఊళ్ల కొండవాలులే సొవావే వైనుకు పుట్టినిల్లు.

ఉత్తరమున లెస్సీని కొండలు, వాటికి వెనుక ఆల్ప్స్ పర్వతములు. దక్షిణమున ఆదిజె నది, దాని కావల విశాలమైన పో నది మైదానము. కొండల నుండి దిగివచ్చు చల్లని గాలి రాత్రివేళ తోటలపై వీచును. పగటి ఎండకు కాయలో తీపి చేరును. రాత్రి చలికి పులుపు నశింపక నిలుచును. తెల్ల వైనుకు ఈ తీపి పులుపుల సమతూకమే ప్రాణము.

ఈ ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరమున 45 డిగ్రీల అక్షాంశముపై ఉన్నది. మన హైదరాబాదు 17 డిగ్రీలపై ఉన్నది. అందుచేత అచ్చట శీతకాలమున చలి తీవ్రము. ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రించును. ఏప్రిల్ ప్రాంతమున చిగిర్చి, వేసవి మొదట పూచి, సెప్టెంబరు నడుమ నుండి అక్టోబరు వరకు కోతకు వచ్చును. ఏడాదికి ఒక్కటే కత్తిరింపు. అదియు శీతకాలములో తీగ నిద్రించునపుడు. మన తెలంగాణమునందు తీగకు అట్టి నిద్ర లేదు గనుక ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించుట వాడుక. ఒకే తీగ, రెండు దేశములలో రెండు విధములైన సేద్యము కోరునని దీనివలన తెలియుచున్నది.

నేల రెండు విధములు

సొవావే కొండలలో నేల అంతయు ఒక్క తీరుగా ఉండదు. సొవావే పట్టణమునకు సమీపమున, పడమటి ప్రక్క వాలులలో సున్నపురాతి నేల ఎక్కువ. తూర్పున మోంతెఫోర్తె వైపు పోయినకొలది నల్లని అగ్నిశిలల నేల ఎక్కువ. పూర్వయుగములలో సముద్రగర్భమున అగ్నిపర్వతములు ప్రేలగా వచ్చిన లావా గడ్డకట్టి, కాలక్రమమున చితికి ఈ నల్లనేల అయినది. మన తాండూరు, వికారాబాదు ప్రాంతపు నల్లరేగడి కూడ ఇట్లే అగ్నిశిలల నుండి పుట్టినదే.

ఒకే రకపు ద్రాక్షను ఈ రెండు నేలలలో నాటినపుడు రుచి భేదము స్పష్టముగా తెలియును. సున్నపునేల వైను కొంత నిండుగా, పండిన పండ్ల వాసనతో ఉండును. నల్లనేల వైను పదునుగా, రాతిని తాకిన నీటి రుచిని జ్ఞప్తికి తెచ్చునట్లుండును. ఈ భేదమును గుర్తించి, ఏ నేల పంటను ఆ నేల పేరుతోనే అమ్ముకొనుట అచ్చటి రైతులు ఆలస్యముగా నేర్చుకొనిన విద్య. ఆ సంగతి ముందు చెప్పబడును.

గర్గానెగ రకము

సొవావే వైనుకు ముఖ్యమైన ద్రాక్షరకము గర్గానెగ. నిబంధనల ప్రకారము వైనులో నూటికి కనీసము 70 వంతులు ఈ రకమే ఉండవలెను. మిగిలిన దానిలో త్రెబ్బియానో ది సొవావే, షార్డొనే అను రకములను కలుపవచ్చును. కేవలము గర్గానెగతోనే వైను చేయువారును అనేకులు కలరు.

గర్గానెగ గుత్తి పొడవుగా, వదులుగా ఉండును. కాయ తోలు దళసరి; పండినపుడు బంగారువన్నె చాయ వచ్చును. తీగ మిక్కిలి బలముగా సాగును. పంటకు ఆలస్యముగా వచ్చును. ఈ రకములో ఒక విశేషము కలదు. కొమ్మ మొదట నుండు కన్నులు సాధారణముగా కాపు నీయవు. మొదలు విడిచి పైనున్న కన్నులే గుత్తులు వేయును. కనుక దీనిని కురచగా కత్తిరించినచో ఆకు తప్ప కాయ రాదు. పొడవైన కొమ్మను చాలా కన్నులతో విడువవలెను. అంత పొడవైన కొమ్మను పరచుటకు తగిన స్థలము కావలెను. అందులకే అచ్చటి పెద్దలు పందిరిని ఎన్నుకొనిరి.

వెరోనా పందిరి

ఈ పద్ధతికి అచ్చట పెర్గొలా వెరొనేసె అని పేరు. మనిషి ఎత్తు గుంజలు పాతి, వాటి తలల నుండి కొంచెము పైకి వాలునట్లు అడ్డకర్రలు బిగించి, వాటిపై తీగెలు లాగుదురు. ద్రాక్షకొమ్మలు ఆ తీగెలపై పరచుకొని ఆకుల కప్పు ఏర్పడును. గుత్తులు ఆ కప్పు క్రింద నీడలో వ్రేలాడును. హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పందిళ్లపై పెంచిన రైతులకు ఈ దృశ్యము క్రొత్త కాదు. మన పందిరి చదునుగా తోట అంతటిని కప్పును. వారిది సాలు వెంబడి వాలుగా ఉండి, సాలుకు సాలుకు నడుమ వెలుతురు పడనిచ్చును.

పందిరి వలన లాభములు ఇవి: గుత్తికి ఎండదెబ్బ తగులదు; తెల్లద్రాక్ష మాడి వాసన చెడదు. గుత్తులు నేలకు ఎత్తుగా ఉండుటచే నేలతేమ తగులదు. క్రింద గాలి ఆడును. వాలునేలలో మనిషి నడచి పని చేసికొనవచ్చును.

నష్టములును కలవు. పందిరి విశాలమైనందున రైతు ఆశపడి ఎక్కువ కన్నులు వదలినచో కాపు మితిమీరును. ఆకు దట్టమైనచో గాలి ఆగి బూజు తెగులు వచ్చును. యంత్రముతో కోయుటకు వీలు తక్కువ. చేతులు పైకెత్తి కోయవలెను గనుక కూలి ఎక్కువ. ఈ కారణములచేత ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో అనేకులు పందిరి తీసివేసి, తీగెలపై నిలువుగా పెంచు గుయో పద్ధతికి మారిరి. కాని వేసవులు నానాటికి వేడెక్కుచుండుటచే పందిరినీడ విలువ మరల తెలియవచ్చినది. తప్పు పందిరిది కాదనియు, దానిపై వదలిన కన్నుల లెక్కదనియు పలువురు గ్రహించిరి.

తెగుళ్ల విషయమున అచ్చటి రైతుకును, మన రైతుకును శత్రువులు ఒక్కరే. బూజు తెగులుకు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము. బూడిద తెగులుకు గంధకము. ఇవి రెండును పందొమ్మిదవ శతాబ్దములో యూరపు ద్రాక్షతోటలలోనే వాడుకకు వచ్చి, అచ్చటి నుండి లోకమంతట వ్యాపించినవి. వేరును తొలుచు ఫిలోక్సెరా అను పురుగు 1879లో ఇటలీలో బయటపడిన తరువాత, యూరపు ద్రాక్షను అమెరికా వేరుపై అంటుకట్టుట తప్పనిసరి అయినది. సొవావే తోటలకును ఇదే రక్షణ.

కాపు లెక్క, తీపి లెక్క

ఇప్పుడు ముఖ్యమైన లెక్క చూడుడు. ఆకు ఎండను గ్రహించి చక్కెర తయారుచేయును. ఒక తీగకు ఇంత ఆకు, ఇంత ఎండ అని హద్దు కలదు. గుత్తులు రెట్టింపైనచో ఒక్కొక్క కాయకు చేరు చక్కెర తగ్గును, వాసనద్రవ్యములును పలుచబడును. తూకము పెరుగును, సారము తగ్గును.

పులియునపుడు చక్కెరయే మద్యసారమగును. లీటరు రసములోని సుమారు 17 గ్రాముల చక్కెర, వైనులో నూటికి ఒక వంతు మద్యసారమునిచ్చును. సాధారణ సొవావేకు కనీసము 10.5 వంతులు కావలెనని నిబంధన. అనగా లీటరు రసమునకు సుమారు 180 గ్రాముల చక్కెర ఉండవలెను. సొవావే సుపెరియోరె అను మేలురకమునకు 12 వంతులు కావలెను. దానికి సుమారు 205 గ్రాములు ఉండవలెను. ఈ చక్కెర తోటలోనే కాయలో చేరవలెను. కాపు మితిమీరిన తీగకు అది సాధ్యము కాదు.

అందుచేత ప్రభుత్వ నిబంధన కాపునకు హద్దు పెట్టినది. సాధారణ సొవావేకు హెక్టారునకు 15 టన్నులు, అనగా ఎకరమునకు సుమారు 6 టన్నులు. పాత కొండప్రాంతపు సొవావే క్లాసికోకు హెక్టారునకు 14 టన్నులు. సొవావే సుపెరియోరెకు 10 టన్నులు, అనగా ఎకరమునకు సుమారు 4 టన్నులు మాత్రమే. ఆ హద్దు దాటి పండించినవాడు ఆ పేరుతో అమ్ముకొనరాదు. ఎక్కువ పండించుట గొప్ప అని చెప్పు లోకములో, తక్కువ పండించుమని చట్టము చేయుట మీకు వింతగా తోచవచ్చును. దీని వెనుకనున్న చేదు అనుభవము తెలిసినచో వింత తొలగిపోవును.

వైను తయారుచేయు విధము

కోసిన గుత్తులను ఆలస్యము చేయక మెల్లగా పిండుదురు. తెల్ల వైనుకు తోలుతో కలిపి ఎక్కువసేపు నాననీయరు. రసము తేరిన పిమ్మట ఉక్కుతొట్లలో పోసి, చల్లగా ఉంచి, కొన్నివారములు మెల్లగా పులియనిత్తురు. వేడి ఎక్కువైనచో సువాసన ఎగిరిపోవును. కొందరు మేలురకపు వైనును పెద్ద కొయ్యపీపాలలో నిలువచేయుదురు. తయారైన వైను లేతగడ్డి వన్నెలో ఉండి, తెల్లని పూల వాసన, బేరిపండు, ఆపిలు రుచి కలిగి, చివరకు బాదముపప్పు వంటి స్వల్పమైన చేదుతో ముగియును. ఈ చివరి చేదే గర్గానెగకు గుర్తు.

దీనికంటె ప్రాచీనమైన వేరొక పద్ధతి కలదు. మేలైన గుత్తులను ఏరి, గాలి వీచు అటకలపై రెల్లుతడికల మీద పరచి గాని, త్రాళ్లకు వ్రేలాడగట్టి గాని నాలుగు నుండి ఆరు నెలలవరకు ఆరబెట్టుదురు. నీరు ఆవిరై కాయ ముడుతలుపడును, తీపి చిక్కబడును. దానిని చలికాలపు చివర పిండి, తీయని వైను చేయుదురు. దీని పేరు రెచొతో ది సొవావే. ఇట్లు ఎండబెట్టిన ద్రాక్షతో చేసిన వెరోనా వైనును గురించి, ఆరవ శతాబ్దములో రాజోద్యోగిగా నుండిన కాసియొదోరస్ తన లేఖలలో ప్రశంసించెను. అనగా ఈ విద్యకు పదునాలుగు వందల ఏండ్లకు పైబడిన వయస్సు కలదు.

భోజనములో దాని స్థానము

ఇటలీలో వైను భోజనముతో పాటు మితముగా పుచ్చుకొను వస్తువు. ఏ ప్రాంతపు వైను ఆ ప్రాంతపు వంటలకు సరిపోవునట్లు తరతరములుగా కుదురుకొన్నది. సొవావేను 10 నుండి 12 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో వడ్డించుదురు.

వెరోనాకు దక్షిణమున ఈసొలా దెల్లా స్కాలా ప్రాంతములో వరి పండును. అచ్చటి వియాలొనె నానో అను పొట్టి గింజ బియ్యమునకు 1996లో ప్రాంతీయ నామ రక్షణ లభించినది. ఆ బియ్యమును వెన్నతో, రసముతో కలియబెట్టుచు జారుగా వండినది రిజొత్తో. పచ్చిబఠాణీలతో బియ్యము వండిన రీజి ఎ బీజి వెనెతో ప్రజలకు ప్రియమైన వంట. మొక్కజొన్నపిండితో చేయు పొలెంత మన సంకటివంటిది. ప్రక్కనున్న విచెన్జా పట్టణమువారు ఎండుచేపను పాలలో, నూనెలో గంటలకొద్ది ఉడికించి పొలెంతతో తిందురు. గార్డా సరస్సు చేపలు, ఉల్లి వినాగిరీలతో ఊరవేసిన సముద్రపు కవళ్లు, వసంతములో గ్రుడ్డుతో కలిపి తిను తెల్ల ఆస్పరాగసు, మోంతె వెరొనేసె అను జున్ను, ఇవన్నియు సొవావేతో పొసగును.

పొసగుటకు కారణము తెలిసికొనుట మంచిది. వెన్న, నూనె నాలుకపై పొరగా నిలుచును; వైనులోని పులుపు ఆ పొరను కడిగివేయును. చేపకు నిమ్మరసము చేయు పనినే ఇది చేయును. అన్నము, చేప, గ్రుడ్డు, బఠాణీ మొదలగునవి మృదువైన రుచులు. ఈ వైనును మృదువైనదే, కనుక ఒకటి మరియొకదానిని అణచివేయదు. కారము ఎక్కువైన కూరలకు ఇది తగదు. మద్యసారము కారపు మంటను పెంచును. మన ఆవకాయ ముందు దీని సువాసన నిలువనే నిలువదు. ఇక తీయని రెచొతోను భోజనానంతరము పాందోరో వంటి వెరోనా రొట్టెలతో గాని, ఘాటైన జున్నుతో గాని కొంచెముగా పుచ్చుకొందురు.

వ్యవసాయదారునకు ఇందులో గ్రహింపదగినది ఒకటి కలదు. వైను, బియ్యము, జున్ను, చేప వేరువేరుగా కాక ఒకే ప్రాంతపు భోజనముగా పేరు పొందినవి. ఆ ఊరు చూడవచ్చిన యాత్రికుడు ఒకటి కోరివచ్చి నాలుగు కొనుక్కొనిపోవును.

పేరు ఎట్లు చెడెను?

1931లో ఇటలీ ప్రభుత్వము సొవావే వైనుకు సరిహద్దు నిర్ణయించినది. సొవావే, మోంతెఫోర్తె ఊళ్ల కొండవాలులే ఆ సరిహద్దు. నేడు క్లాసికో అని పిలువబడునది ఆ ప్రాంతమే. 1963లో ఆ దేశమున వైను పేర్ల రక్షణకు చట్టము వచ్చినది. 1968లో సొవావేకు ఆ చట్టముక్రింద డి.ఓ.సి. అను గుర్తింపు లభించినది. అంతవరకు బాగుగనే ఉన్నది. అయితే ఆ గుర్తింపులో కొండవాలులతో పాటు చుట్టుప్రక్కల పల్లపు మైదానములను కూడ చేర్చిరి.

ఆ కాలముననే అమెరికాలో సొవావేకు గిరాకీ విపరీతముగా పెరిగెను. 1970 దశకములో అచ్చట అది ప్రసిద్ధమైన కియాంతీ అను ఎర్రవైనును కూడ మించి అమ్ముడైనది. గిరాకీ ఉన్నపుడు సరుకు చాలదు. మైదానపు సారవంతమైన నేలలో, నీరు పుష్కలముగా ఉన్నచోట, బలమైన గర్గానెగ తీగ పందిళ్లపై విరగకాచినది. కాపు ఎక్కువైనకొలది వైను పలుచబడినది. రుచి తక్కువైనను కాపు ఎక్కువగా నిచ్చు త్రెబ్బియానో తొస్కానో అను రకమును కూడ విస్తారముగా నాటిరి. సీసాపై పేరు మారలేదు. లోపలి సరుకు మారినది.

కొంతకాలము ఎవరికిని నష్టము కనబడలేదు. మైదానపు రైతుకు టన్నులు పెరిగెను. వర్తకునకు సీసాలు పెరిగెను. తరువాత కొనువారు మెల్లగా సొవావే అనగా చవుక వైను, నీళ్ల వైను అని తలచసాగిరి. ఒకసారి ఆ తలంపు నాటుకొనిన పిమ్మట ధర పెంచుట ఎవరి తరమును కాలేదు. అన్నిటికంటె ఎక్కువ నష్టపడినవాడు కొండరైతు. వాలునేలలో యంత్రము సాగదు; కూలి ఎక్కువ; దిగుబడి తక్కువ. అతని మేలైన పంట కూడ అదే పేరుతో, అదే చవుక ధరకు అమ్ముడుపోవలసి వచ్చినది. గండి కొట్టినది ఒకచోట, ఎండినది మరియొకచోట.

ఈ విషయమై ఎంత మనస్తాపము కలిగినదో ఒక ఉదాహరణ చాలును. మోంతెఫోర్తెకు చెందిన రోబెర్తో ఆన్సెల్మి అను ప్రసిద్ధ ఉత్పత్తిదారుడు, నిబంధనలు తగినంత కఠినముగా లేవని నిరసించి, 1999 పంట నుండి తన సీసాలపై సొవావే అను పేరునే తీసివేసెను. తాను పుట్టిపెరిగిన ప్రాంతపు పేరు తన సరుకునకు గౌరవము కాక భారమైనదని ఒక రైతు భావించు స్థితి వచ్చుట కంటె విచారకరము ఏముండును?

పేరు ఎట్లు నిలబడుచున్నది?

చక్కదిద్దు పని కూడ రైతులలోనే మొదలైనది. సొవావే పట్టణమునకు చెందిన లియోనిల్డో పియెరోపాన్, అందరును కలగలుపు సరుకునకు ఎగబడుచున్న కాలముననే, 1971లో కల్వరీనో అను ఒక్క తోట ద్రాక్షను వేరుగా ఉంచి, ఆ తోట పేరుతోనే వైను చేసి అమ్మెను. కల్వరీనో నల్లని అగ్నిశిలల నేల. 1978లో కోటక్రింద సున్నపునేలలోని లా రొక్కా తోట పంటను అట్లే వేరుచేసెను. ఒకే గర్గానెగ రెండు నేలలలో రెండు విధములుగా పలుకునని ఆయన సీసాలే సాక్ష్యమైనవి. మెల్లగా ఇతరులును ఆ దారి పట్టిరి.

తరువాత చట్టమును కదలినది. 1998లో రెచొతో ది సొవావేకు డి.ఓ.సి.జి. అను పై తరగతి గుర్తింపు వచ్చినది. 2001లో సొవావే సుపెరియోరెకు ఆ గుర్తింపే లభించి, హెక్టారునకు 10 టన్నుల హద్దు అమలులోనికి వచ్చినది. 2019లో సొవావే ప్రాంతములోని 33 కొండవాలులను, తోటభాగములను పేరుపేరున గుర్తించి, వాటి పేర్లను సీసాలపై వ్రాసికొనుటకు అనుమతించిరి. ఏ వాలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో పటములపై గీయబడినది. గ్రామోద్యోగులైన పాఠకులు ఇది గమనింపవలెను. సర్వే పటము, సరిహద్దు, సాగు లెక్క సరిగా లేనిదే పంట పేరునకు రక్షణ లేదు.

2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సొవావే సాంప్రదాయక ద్రాక్షతోటలను ప్రపంచ ప్రాముఖ్యముగల వ్యవసాయ వారసత్వ వ్యవస్థలలో చేర్చినది. పందిళ్లు, వాలులలో కట్టిన రాతిగట్లు, ద్రాక్షను ఎండబెట్టు విద్య, వీటిని కాపాడుకొనుచు వచ్చిన చిన్న కమతముల రైతు కుటుంబములు, ఇవన్నియు ఆ గౌరవమునకు కారణములు.

ఇందులో సహకార సంఘముల పాత్ర పెద్దది. సొవావే రైతుల సహకార సంఘము 1898లోనే ఏర్పడినది. చిన్న కమతము గల రైతు తాను స్వయముగా తొట్లు, యంత్రములు కొనలేడు. పంటను సంఘమునకు తెచ్చి పోయును. ఇట్టి సంఘములలో ద్రాక్షకు తూకము మాత్రమే కాక చక్కెర డిగ్రీని కూడ చూచి ధర కట్టుట వాడుక. బరువు ఎక్కువ, తీపి తక్కువ తెచ్చినవానికి ధర తగ్గును. తూకమునకే డబ్బు ఇచ్చు సంఘము నీటిని పండించును. గుణమునకు డబ్బు ఇచ్చు సంఘము పంటను పండించును.

నష్టమంతయు తీరినదని చెప్పుటకు వీలులేదు. చవుక సొవావే నేటికిని బజారులో కలదు. మేలురకమునకును దాని నీడ తగులుచునే యున్నది. పేరు చెడగొట్టుటకు కొద్ది సంవత్సరములు చాలినవి. బాగుచేయు పని యాబది ఏండ్లు గడచినను ముగియలేదు.

మనము గ్రహింపవలసినవి

మన దేశమున భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో చేయబడి 2003 నుండి అమలులో ఉన్నది. దాని క్రింద 2017లో బంగినపల్లి మామిడికి, 2019లో అరకులోయ కాఫీకి, 2022లో తాండూరు కందికి గుర్తింపు లభించినది. గుంటూరు సన్నము మిరపకును ఈ గుర్తింపు కలదు. పత్రము చేతికి వచ్చినంత మాత్రమున పని ముగిసినట్లు కాదని సొవావే చరిత్ర చెప్పుచున్నది. 1968లో వారికిని పత్రము వచ్చినది. వారి కష్టములు పెరిగినది దాని తరువాతనే. కనుక ఇట్టి గుర్తింపు ఉన్న ఊళ్లలోను, కోరుచున్న ఊళ్లలోను రైతులు, అధికారులు కలసి ఈ క్రింది సంగతులు ఆలోచింపవలెను.

1. సరిహద్దు: పేరు సంపాదించిపెట్టిన నేల ఏదో దానినే సరిహద్దుగా ఉంచవలెను. ఓట్లకొరకో, మొగమాటమునకో ప్రక్క ఊళ్లను చేర్చినచో పేరు పలుచబడును.

2. రకము: ఏ రకమునకు పేరు వచ్చినదో ఆ రకమునే నాటవలెను. ఎక్కువ కాయునని వేరొక రకమును కలిపి అదే పేరుతో అమ్మరాదు.

3. దిగుబడి: ఎకరమునకు ఎంతవరకు పండించినచో గుణము చెడదో రైతులే కూర్చుండి నిర్ణయించుకొనవలెను. దిగుబడి తగ్గించుకొనుట నష్టముగా కాక, ధరకు పెట్టుబడిగా భావింపవలెను.

4. ధర: సంఘముగాని, వర్తకుడుగాని తూకముతో పాటు గుణమును పరీక్షించి ధర కట్టు ఏర్పాటు ఉండవలెను. మేలుగా పండించినవానికి లాభము కనబడనిదే ఎవ్వరును శ్రమపడరు.

5. కల్తీ: పైఊరి సరుకు తెచ్చి మన ఊరి సంచిలో పోయువానిని చూచి ఊరకుండరాదు. అతడు అమ్ముచున్నది తన సరుకును కాదు, మీ పేరును.

6. లెక్కలు: ఏ సర్వే నంబరులో ఏ రకము, ఎన్ని చెట్లు, ఎంత పంట అను లెక్కను ఏటేట వ్రాసి ఉంచవలెను. వివాదము వచ్చిననాడు రైతును కాపాడునది ఈ కాగితమే.

మీ ఊరి పంటకు ఇదివరకే ఒక పేరు ఉండవచ్చును. పట్టణపు అంగడిలో ఆ పేరుతో ఏమి అమ్ముచున్నారో ఈసారి సంతకు పోయినపుడు అడిగి, చేతిలోనికి తీసికొని చూడుడు. అది మీ పొలములో పండినదానితో సరిపోలనిచో, సంగతిని వచ్చే రైతుసంఘ సమావేశములో మొదటి అంశముగా పెట్టించుడు.